సీసా ఖరీదు కాలేయానికి తెలియదు

ప్రభుత్వాసుపత్రి ఓపీలో మద్యం అలవాటు గురించి అడిగితే రెండు రకాల జవాబులు వస్తాయి. చెప్పులు గుమ్మం బయటే విడిచి వచ్చిన మనిషి "తాగుతానండీ" అని తల దించుకుంటాడు. ఇస్త్రీ చొక్కాలో వచ్చిన మనిషి మాత్రం "మాదంతా మంచి సరుకేనండీ, మా అబ్బాయి ఫారిన్ నుంచి తెస్తాడు" అంటాడు. మొదటి మనిషికి ఏదో తేడా చేస్తున్నానన్న భయమైనా ఉంది. రెండో మనిషికి అదీ లేదు. ఇద్దరి లివర్ పరీక్షల కాగితాలూ పేర్లు కనిపించకుండా పక్కపక్కన పెడితే, ఏది ఎవరిదో మేం చెప్పలేం.

ఈ 'మంచి సరుకు' నమ్మకం గురించి ఇప్పుడు మాట్లాడుకోవడానికి కారణం ఉంది. 2025 జులై 24న భారత్, బ్రిటన్ వాణిజ్య ఒప్పందంపై సంతకాలు చేశాయి. దాని ప్రకారం స్కాచ్ విస్కీ మీద 150 శాతం ఉన్న దిగుమతి సుంకం ముందు 75 శాతానికి, పదేళ్లలో 40 శాతానికి దిగుతుంది. నిన్నటిదాకా పెద్దవాళ్ల పెళ్లిళ్లలోనే కనిపించిన సీసా రేపు మధ్యతరగతి ఇంటి అలమారలోకి వస్తుంది. దాంతోపాటే 'ఇది తాగితే ఏమీ కాదు' అన్న మాటా వస్తుంది.

ఇంకో కారణం కూడా ఉంది. చదువుల కోసమో ఉద్యోగాల కోసమో మన పిల్లలు స్కాట్లాండ్‌లో ఉంటున్నారు. వాళ్లను చూడటానికి వెళ్లే అమ్మానాన్నలకు శని, ఆదివారాల్లో చూపించే వాటిలో కోటలు, సరస్సులతో పాటు విస్కీ డిస్టిలరీలూ చేరాయి. కిందటి వేసవిలో మేమూ అలాగే వెళ్లాం. పిల్లలతో సారా బట్టీలు చూడటానికి వెళ్లడమేమిటని ఎవరైనా అనుకోవచ్చు. చూడాల్సిందే అంటాను. కాకపోతే కళ్లు తెరుచుకుని చూడాలి.

రాగి మాల్ట్ నుంచి రాగి బానల దాకా

అబెర్డీన్‌లో ఉండే మా బావమరిది కారులో మమ్మల్ని స్పే నది పక్కన ఉండే ఊళ్లకు తీసుకెళ్లాడు. స్పేసైడ్ అంటారు ఆ ప్రాంతాన్ని. స్కాట్లాండ్‌లో ఇన్ని డిస్టిలరీలు ఒకచోట గుమిగూడిన ప్రాంతం మరొకటి లేదు. శనివారం డఫ్‌టౌన్ చుట్టుపక్కల రెండు డిస్టిలరీలు, ఆదివారం ఇంకొకటి, మధ్యలో క్రెయిగెలాకీలో పాత పీపాలు బాగుచేసే కార్ఖానా చూశాం. డిస్టిలరీల పేర్లు రాయడం లేదు. ఆరోగ్య పేజీలో వాటికి ప్రకటన అక్కర్లేదు.

మొదటి గదిలో బార్లీ గింజల్ని నానబెట్టి మొలకెత్తించి ఆరబెట్టడం గురించి చెబుతుంటే ఏడో తరగతి చదివే మా అమ్మాయి "నాన్నా, ఇది మన రాగి మాల్ట్ లాంటిదే కదా" అంది. నిజమే, అక్కడిదాకా రెండూ ఒకటే. మొలకెత్తితే గింజలోని పిండిని చక్కెరగా మార్చే ఎంజైములు తయారవుతాయి. మనం అక్కడ ఆగి జావ కాచుకుని పిల్లలకు పోస్తాం. వాళ్లు దాన్ని మరపట్టి, వేడి నీళ్లలో కలిపి తీపి నీటిని వడగట్టి, పెద్ద తొట్లలో ఈస్ట్ వేస్తారు. రెండు మూడు రోజుల్లో ఈస్ట్ ఆ చక్కెరను తిని ఆల్కహాల్‌ని, కార్బన్ డయాక్సైడ్‌ని వదులుతుంది. మూత కొద్దిగా తీసి వాసన చూడమంటారు. ముక్కుపుటాలు భగ్గుమని వెనక్కి తగ్గాల్సిందే. అప్పటికి అందులో ఆల్కహాల్ సుమారు 8 శాతం. మన ఊళ్లో దొరికే స్ట్రాంగ్ బీరుతో సమానం.

తర్వాత గదిలో నిలువెత్తు రాగి బానలు. చాలా చోట్ల అక్కడ ఫోన్లు ఆపించేస్తారు, గాలిలో ఉండే ఆల్కహాల్ ఆవిరి అంటుకుంటుందన్న భయంతో. నీళ్లకంటే ముందే, 78 డిగ్రీల దగ్గర ఆల్కహాల్ మరుగుతుంది. ఆ ఆవిరిని చల్లార్చి పడతారు. రెండుసార్లు ఇలా చేస్తే సుమారు 70 శాతం ఆల్కహాల్ ఉన్న ద్రవం వస్తుంది. నీళ్లలా తెల్లగా ఉంటుంది. దాన్ని నీళ్లతో కొంత పలచన చేసి ఓక్ పీపాల్లో నింపుతారు. చట్టం ప్రకారం స్కాట్లాండ్‌లోనే కనీసం మూడేళ్లు పీపాలో ఉండాలి. సీసాలోకి వచ్చేటప్పుడు ఆల్కహాల్ 40 శాతానికి తగ్గకూడదు. అప్పుడే అది స్కాచ్ విస్కీ.

పీపాలో ఉన్నన్నాళ్లూ ఏడాదికి సుమారు 2 శాతం ఆవిరైపోతుంది. దానికి వాళ్లు 'దేవదూతల వాటా' అని ముద్దుపేరు పెట్టుకున్నారు. ఆ ఆవిరిని తిని బతికే ఒక రకం బూజు గోదాముల గోడల మీద, పక్కనున్న చెట్ల మీద నల్లగా మసిలా పట్టి ఉంటుంది. ఇంటర్ చదివే మా అబ్బాయి ఆ గోడనే ఎక్కువసేపు చూశాడు.

మారేది రుచి, మారనిది మందు

పన్నెండేళ్లో పద్దెనిమిదేళ్లో పీపాలో ఉంచితే రంగు వస్తుంది, వాసన వస్తుంది, ధర వస్తుంది. అందులోని ఇథైల్ ఆల్కహాల్ మాత్రం మొదటి రోజు ఏదో చివరి రోజూ అదే. మన వీధి చివర దుకాణంలో దొరికే చవక క్వార్టర్‌లో ఉన్నదీ అదే. లేబుల్ చదవడం కాలేయానికి రాదు. వచ్చిన ఆల్కహాల్‌ని ముందు అసిటాల్డిహైడ్‌గా మారుస్తుంది, దాన్ని అసిటేట్‌గా మారుస్తుంది. మధ్యలో తయారయ్యే అసిటాల్డిహైడ్ మన కణాల్లోని డీఎన్‌ఏని దెబ్బతీస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1988లోనే మద్యాన్ని మొదటి తరగతి క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. పొగాకు ఉన్నదీ ఆ తరగతిలోనే. నోరు, గొంతు, అన్నవాహిక, కాలేయం, పెద్దపేగు, ఆడవాళ్లలో రొమ్ము క్యాన్సర్లకు దీనితో సంబంధం ఉంది. 'ఇంతవరకు తాగితే ఆరోగ్యానికి ఏ ముప్పూ లేదు' అని చెప్పగల మోతాదు లేదని 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది.

మంచి సరుకైతే కల్తీ ఉండదు కదా అని అడుగుతారు. ఆ ఒక్క మాట నిజం. 2024 జూన్‌లో తమిళనాడులోని కళ్లకురిచ్చిలో 60 మందికి పైగా ప్రాణాలు తీసింది నాటు సారాలో కలిసిన మెథనాల్. చూపు పోవడానికి, ప్రాణం పోవడానికి అది కొద్దిగా చాలు. లైసెన్సు ఉన్న డిస్టిలరీలో ఆ ప్రమాదం ఉండదు. కానీ మా వార్డుల్లో ఏడాది పొడవునా పడుకుని ఉండేవాళ్లలో ఎక్కువమంది కల్తీ వల్ల వచ్చినవాళ్లు కారు. పొట్టలో నీరు చేరినవాళ్లు, రక్తం కక్కుకున్నవాళ్లు, క్లోమం వాచి నొప్పితో మెలికలు తిరిగేవాళ్లు... వీళ్లంతా ఏ కల్తీ లేని మద్యం ఏళ్ల తరబడి తాగినవాళ్లే.

'తెల్లారి తలనొప్పి రాదు, అంటే మంచిదే' అన్నది ఇంకో లెక్క. తలనొప్పి కాలేయానికి కొలబద్ద కాదు. కొవ్వు పట్టడం, వాపు రావడం, పీచులా గట్టిపడటం, చివరికి సిరోసిస్... ఈ మెట్లలో మొదటి రెండు మూడింటిలో మనిషికి ఏమీ తెలియకపోవచ్చు. రక్త పరీక్ష మామూలుగా ఉన్నంత మాత్రాన లోపల అంతా బాగున్నట్టూ కాదు. మనవాళ్లలో షుగరు, పొట్ట, వీటితో వచ్చే ఫ్యాటీ లివర్ ఇప్పటికే ఎక్కువ. దాని మీద మద్యం పోస్తే నిప్పు మీద కిరసనాయిలే. మొదటి మెట్టులో ఉన్నవాళ్లు పూర్తిగా మానేస్తే కొన్ని వారాల్లోనే ఆ కొవ్వు కరగడం మొదలవుతుంది. ఈ మాట వాళ్లకు సమయానికి చెప్పేవాళ్లు ఉండాలి.

లెక్క ఇలా వేసుకోండి

బ్రిటన్‌లో మద్యాన్ని యూనిట్లలో కొలుస్తారు. ఒక యూనిట్ అంటే 10 మిల్లీలీటర్ల స్వచ్ఛమైన ఆల్కహాల్. 40 శాతం విస్కీ 25 మి.లీ. తాగితే ఒక యూనిట్. ఆడవాళ్లయినా మగవాళ్లయినా వారానికి 14 యూనిట్లు దాటొద్దని, అవీ ఒకే రోజు తాగొద్దని అక్కడి ప్రభుత్వ వైద్యాధికారులు 2016 నుంచి చెబుతున్నారు. అది హామీ కాదు, ముప్పు తక్కువగా ఉండే హద్దు మాత్రమే.

దీన్ని మన కొలతల్లోకి మారుద్దాం. మన దగ్గర విస్కీలో ఆల్కహాల్ సాధారణంగా 42.8 శాతం. 60 మి.లీ. లార్జ్ పెగ్గు అంటే రెండున్నర యూనిట్లు. 180 మి.లీ. క్వార్టర్ అంటే 7.7 యూనిట్లు. అంటే వారానికి రెండు క్వార్టర్లు తాగితే ఆ హద్దు దాటినట్టే. 'బీరే కదా' అనేవాళ్లకు: 8 శాతం ఉన్న 650 మి.లీ. బీరు సీసాలో ఐదు యూనిట్లు దాటి ఉంటాయి. రెండు లార్జ్ పెగ్గులతో సమానం.

కాలేయం సుమారు గంటకు ఒక యూనిట్ చొప్పున కరిగిస్తుంది. కాఫీ, మజ్జిగ, నిమ్మరసం, చన్నీళ్ల స్నానం ఏవీ దాన్ని తొందరపెట్టలేవు. డిస్టిలరీలో రుచి చూడటానికి ఇచ్చేవి బొటనవేలంత గ్లాసులు. ఒక్కో చోట మూడు, ఒక్కోదానిలో 15 మి.లీ. అనుకుందాం. రెండు చోట్ల తిరిగితే 90 మి.లీ., దాదాపు నాలుగు యూనిట్లు. నీళ్లు కలపకుండా పీపాలోంచి తీసినట్టే ఇచ్చే రకమైతే 55, 60 శాతం కూడా ఉంటుంది, లెక్క ఇంకా పెరుగుతుంది. ఆ తర్వాత స్టీరింగ్ పట్టుకోవాలంటే కనీసం నాలుగు గంటలు ఆగాలి. స్కాట్లాండ్‌లో 2014 డిసెంబరు నుంచి డ్రైవింగ్‌కు హద్దు 100 మి.లీ. రక్తంలో 50 మిల్లీగ్రాములు. ఇంగ్లాండ్‌లో అది 80. మన దేశంలో 30 మాత్రమే. చట్టం మనదే గట్టిది, పాటించడంలోనే వెనకబడ్డాం.

అక్కడ నాకు నచ్చిన పద్ధతి ఒకటుంది. డ్రైవ్ చేసేవాళ్లకు వాళ్ల వంతు చిన్న సీసాల్లో పోసి ఇంటికి ఇచ్చి పంపుతారు. మా బావమరిదికి అలాగే ఇచ్చారు. ఎవరూ 'ఒక్కటేలేవోయ్' అని బలవంతం చేయలేదు. మన విందుల్లో ఆ ఒక్క మాట పోతే ఎన్నో ప్రాణాలు నిలుస్తాయి.

అమ్మానాన్నల్ని తీసుకెళ్లేవాళ్లకు

మా మామగారికి అరవై ఎనిమిదేళ్లు, షుగరుకు గ్లిమెపిరైడ్ మాత్ర వాడతారు. జులైలోనూ స్వెట్టర్ తీయలేదు. గ్లాసు చేతికి రాగానే "ఇంత చలిలో ఒక గుటక పడితే ఒళ్లు వెచ్చబడదూ అల్లుడు గారూ?" అన్నారు. ఈ మాట చాలామంది అంటారు. మద్యం తాగితే చర్మం కింది రక్తనాళాలు వెడల్పవుతాయి. లోపలి వేడి చర్మానికి చేరి వెచ్చగా అనిపిస్తుంది. ఆ వేడే బయటికి పోయి ఒళ్లు నిజానికి చల్లబడుతుంది. ఈ సంగతి చెబితే ఆయన వాసన చూసి, నాలుక తడుపుకుని గ్లాసు బల్ల మీద పెట్టి "అయితే కాఫీ ఎక్కడ దొరుకుతుందో చూడు బాబూ" అని కొడుకుని పిలిచారు.

గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లలో మద్యం షుగరును బాగా పడగొట్టగలదు. అదీ తాగిన వెంటనే కాదు, కొన్ని గంటల తర్వాత, నిద్రలో. చెమటలు పట్టి, మాట తడబడితే ఇంట్లోవాళ్లు 'మత్తులే' అనుకుని దుప్పటి కప్పుతారు. అలాంటప్పుడు ముందు షుగరు చూడండి. మనిషి తెలివిలో ఉంటే గ్లూకోజో చక్కెర నీళ్లో పట్టించండి. మెట్‌ఫార్మిన్ వాడుతూ ఎక్కువగా తాగితే రక్తంలో ల్యాక్టిక్ ఆమ్లం పేరుకునే ప్రమాదం ఉంది. నిద్రమాత్రలు, మూర్ఛ మందులు వాడేవాళ్లు, గర్భిణులు, లివర్ జబ్బు ఉన్నవాళ్లు అసలు ముట్టకూడదు. సెలవుల్లో ఒకేసారి ఎక్కువ తాగి గుండె లయ తప్పి వచ్చేవాళ్లకు వైద్యంలో ఒక పేరే ఉంది, 'హాలిడే హార్ట్' అని. 1978లోనే గుర్తించారు. గుండె దడదడలాడి ఆయాసం వస్తే తగ్గుతుందిలే అని కూర్చోకండి.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, పిల్లల దగ్గరికి విమానంలో వెళ్లే పెద్దవాళ్లది. ఇక్కడ రోజూ రాత్రి తాగే మనిషి కొడుకు ఇంట్లో, కోడలి ముందు మొహమాటపడి ఒక్కసారిగా మానేస్తాడు. రెండో రోజు చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు. ఫిట్స్ రావచ్చు. మూడో రోజుకు లేనివి కనిపిస్తున్నాయంటాడు, ఊరు పేరు మరిచిపోతాడు. 'ప్రయాణం బడలిక', 'మతి చెడింది' అని ఇంట్లోవాళ్లు తికమకపడతారు. ఇది మద్యం హఠాత్తుగా ఆగడం వల్ల వచ్చే స్థితి. ప్రాణాంతకం కావచ్చు, ఆసుపత్రిలో చేర్చాల్సిందే. రోజూ తాగే అలవాటు ఉంటే ప్రయాణానికి కొన్ని వారాల ముందే డాక్టరుకు చెప్పండి. మందుల సాయంతో క్షేమంగా మానిపించవచ్చు. సిగ్గుపడి దాచుకుంటే విదేశంలో ఐసీయూ దాకా వెళ్లాల్సి రావచ్చు.

పిల్లల విషయం. చాలా డిస్టిలరీలు ఎనిమిదేళ్లలోపు పిల్లల్ని యంత్రాలున్న గదుల్లోకి రానివ్వవు. పద్దెనిమిది నిండనివారికి రుచి చూపించరు. 'నోట్లో ఒక చుక్క వేస్తే ఏమవుతుంది' అని మనమే వేలు ముంచి నాకించకూడదు. మెదడు ఎదుగుదల ఇరవై అయిదేళ్ల దాకా సాగుతుంది. అక్కడ చూసిన రసాయనశాస్త్రం పిల్లలకు గుర్తుండిపోతుంది. అమ్మానాన్నలు గ్లాసు ఎలా పట్టుకున్నారు, ఎప్పుడు కింద పెట్టారు అన్నది అంతకంటే ఎక్కువ గుర్తుంటుంది.

విస్కీ పుట్టిన నేల ఏం చేసింది?

స్కాట్లాండ్ రాజు ఆజ్ఞ మేరకు జాన్ కోర్ అనే సన్యాసికి మద్యం కాయడానికి మాల్ట్ ఇచ్చినట్టు 1494 నాటి లెక్కల పుస్తకంలో ఉంది. విస్కీ అన్న మాటకు మూలమైన గేలిక్ పదానికి అర్థం జీవజలం. ఆ జీవజలం ఆ దేశానికి డబ్బు తెచ్చింది, పేరు తెచ్చింది. 2023లో కేవలం మద్యం వల్లే వచ్చే జబ్బులతో అక్కడ 1,277 మంది చనిపోయారు. దేశమంతా కలిపి జనాభా మన పాత తూర్పుగోదావరి జిల్లా కంటే కొంచెమే ఎక్కువ.

వాళ్లు దీన్ని దాచుకోలేదు. యూనిట్‌కు ఇంతకంటే తక్కువ ధరకు అమ్మకూడదని 2012లో చట్టం చేశారు. విస్కీ కంపెనీల సంఘం కోర్టుకెక్కింది. ఐదేళ్లు నడిచిన ఆ కేసులో 2017 నవంబరులో బ్రిటన్ సుప్రీంకోర్టు చట్టాన్ని సమర్థించింది. 2018 మే 1 నుంచి యూనిట్‌కు కనీసం 50 పెన్స్, 2024 సెప్టెంబరు 30 నుంచి 65 పెన్స్. అంటే 700 మి.లీ. విస్కీ సీసా 18 పౌండ్ల 20 పెన్స్‌కు తక్కువ ఉండదు. చట్టం లేకపోతే జరిగి ఉండేవాటితో పోలిస్తే మద్యం మరణాలు 13.4 శాతం తగ్గాయని 2023లో అక్కడి ప్రజారోగ్య సంస్థ తేల్చింది. కరోనా కాలంలో విపరీతంగా తాగినవాళ్ల వల్ల మొత్తం సంఖ్య మళ్లీ పెరిగింది గానీ, చట్టమే లేకుంటే అది ఇంకా పెద్దదయ్యేది. దుకాణాల్లో ఉదయం పదికి ముందు, రాత్రి పది తర్వాత మద్యం అమ్మరు. విస్కీతో బతికే దేశమే విస్కీని పప్పూ ఉప్పులా చూడటం లేదు.

మనకూ ఒక చరిత్ర ఉంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు మొదలుపెట్టిన పోరాటం 1993లో ఉమ్మడి రాష్ట్రంలో సారా నిషేధానికి దారితీసింది. 1995లో వచ్చిన సంపూర్ణ నిషేధం 1997లో పోయింది. నిషేధం నిలవలేదన్నది నిజం. కానీ ఆ ఆడవాళ్లు సారా బదులు మంచి సరుకు ఇమ్మని అడగలేదు. ఇప్పుడు మన చర్చంతా ఏ బ్రాండు దొరుకుతోంది, ఏది దొరకడం లేదు అన్న దగ్గరే ఆగిపోతోంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం తెలంగాణలో పదిహేనేళ్లు దాటిన మగవాళ్లలో 43 శాతం మంది తాగుతున్నారు. వీళ్లందరికీ బ్రాండు మార్చి ఇస్తే ఆసుపత్రిలో పడకలు ఖాళీ కావు.

ఏం చేయాలి?

మూడు పనులు చేయవచ్చు. ఒకటి, సీసా మీద 'ఆరోగ్యానికి హానికరం' అన్న మాటతో పాటు ఆ సీసాలో ఎన్ని గ్రాముల ఆల్కహాల్ ఉందో, ఎన్ని పెగ్గులకు ఎంతో తెలుగులో అచ్చు వేయించాలి. రెండు, దిగుమతి సుంకం తగ్గినా ఆల్కహాల్ మోతాదును బట్టి కనీస ధర ఉండేలా రాష్ట్రాలు చూడాలి. మూడు, ఏరియా ఆసుపత్రి నుంచి పీహెచ్‌సీ దాకా బీపీ చూసినట్టే మద్యం గురించి కూడా ప్రతి రోగినీ అడగాలి.

ఇంట్లో మీరే వేసుకోదగ్గ ప్రశ్నలు నాలుగున్నాయి. తగ్గించుకోవాలని ఎప్పుడైనా అనిపించిందా? మీ తాగుడు గురించి ఎవరైనా అంటే చిరాకు వచ్చిందా? తాగినందుకు మనసులో బాధపడ్డారా? పొద్దున్న లేవగానే వణుకు తగ్గడానికి తాగాల్సి వచ్చిందా? రెండింటికి అవునన్న జవాబు వస్తే డాక్టర్ని కలవాల్సిందే. ఆసుపత్రికి రావడానికి జంకితే జాతీయ డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కు గానీ, మానసిక ఆరోగ్య సేవల టెలిమానస్ 14416కు గానీ ఫోన్ చేయండి. డబ్బు కట్టక్కర్లేదు.

స్పేసైడ్ వెళ్లే అవకాశం వస్తే తప్పకుండా వెళ్లండి. రాగి బానలు చూడండి, పీపాలు కట్టే పనివాళ్ల చేతులు చూడండి, గ్లాసులో వాసన చూడండి. తాగకుండా వచ్చేస్తే టికెట్టు డబ్బు దండగ అనుకోకండి. షుగరు మాత్రలు వేసుకునే నాన్నగారు పక్కన ఉంటే భోజనం అయ్యాకే లోపలికి తీసుకెళ్లండి, ఆయన గ్లాసు వద్దంటే రెండోసారి అడగకండి. తిరిగొచ్చేటప్పుడు ఆ సీసా బంధువులకు కానుకగా తేవాలనిపిస్తే మాత్రం, వాళ్ల లివర్ సంగతి ముందు కనుక్కోండి.